మూడో రాత్రి వచ్చినది స్వామి ఆగ్రహం కాదు

ప్రశ్న: మాది కరీంనగర్ వైపు ఒక పల్లె. మా వారికి 43 ఏళ్లు, తాపీ మేస్త్రీ. పెళ్లయిన కొత్తలో పండుగకో, పని ముగిసిన రోజుకో తాగేవారు. ఇప్పుడు పొద్దున లేవగానే ఒక నైంటీ పడితే తప్ప చేతుల వణుకు ఆగదు. రాత్రయ్యేసరికి రెండు మూడు క్వార్టర్లు అవుతాయి. డబ్బు లేని రోజు కల్లు దుకాణానికి వెళ్తారు. మూడేళ్లుగా అయ్యప్ప మాల వేసుకుంటున్నారు, దీక్షలో ఉన్నన్నాళ్లూ చుక్క ముట్టరు. మొదటి ఏడాది నిద్రపట్టక ఇబ్బంది పడ్డారు, అంతే. రెండో ఏడాది నాలుగు రోజులు ఒళ్లంతా వణికి, చెమటలు పట్టాయి. ఈసారి మాల వేసిన రెండో రోజు మధ్యాహ్నం మూర్ఛ వచ్చి పడిపోతే ఊళ్లోని ఆర్‌ఎంపీ గ్లూకోజు ఎక్కించాడు. మూడో రోజు రాత్రి గోడ నిండా పురుగులు పాకుతున్నాయన్నారు, నన్ను గుర్తుపట్టలేదు, చేతిలో ఏమీ లేకుండానే గోడకు సిమెంటు మెత్తుతున్నట్లు తెల్లవార్లూ చెయ్యి ఆడించారు. దీక్షలో అపచారం జరిగిందని, ఇది స్వామి ఆగ్రహమని పెద్దలు మాల తీయించారు. ఎవరో మందు తాగించారు. రెండు రోజులకు నెమ్మదించారు, ఆపైన మళ్లీ మామూలే. ఇప్పుడు మా ఆడపడుచు డైసల్ఫిరామ్ అనే మాత్రలు తెచ్చి, పొడి చేసి పులుసులో కలిపి పెట్టమంటోంది. పట్నంలోని ఒక కేంద్రం వాళ్లు వ్యానులో వచ్చి, అవసరమైతే కట్టేసి తీసుకుపోయి, మూడు నెలలు ఉంచుకుంటారని మా మరిది అంటున్నాడు. నా వల్లే తన కొడుకు తాగుతున్నాడని అత్తగారు అంటారు. ఇంటర్ చదివే మా బాబు కూడా ఈ మధ్య ఒక రోజు బీరు వాసనతో ఇంటికి వచ్చాడు. నేనేం చేయాలి?

జవాబు: అమ్మా, మీరు అడిగిన వాటిలో మిగిలినవన్నీ రేపటి దాకా ఆగుతాయి కానీ మాత్రల సంగతి ఆగదు కనుక ముందు అదే చెబుతాను. ఆ మాత్రను పులుసులోనే కాదు, దేనిలోనూ కలపవద్దు. మీ ఆడపడుచు చెడు తలపుతో చెప్పి ఉండరు. పత్రికల్లోనూ, గోడల మీదా "వారికి తెలియకుండానే తాగుడు మాన్పించండి" అన్న ప్రకటనలు చూసి చూసి, అదొక సులువైన ఉపాయమని చాలామంది నమ్ముతున్నారు. డైసల్ఫిరామ్ నిజంగానే తాగుడు మాన్పించేందుకు వైద్యులు వాడే మందే. అయితే అది తాగుడు మీద కోరికను తీసివేసే మందు కాదు, తాగితే శరీరాన్ని శిక్షించే మందు. మద్యం లోపలికి వెళ్లాక కాలేయం దాన్ని మొదట ఎసిటాల్డిహైడ్ అనే విష పదార్థంగానూ, ఆ వెంటనే హాని లేని మరో పదార్థంగానూ మారుస్తుంది. ఈ రెండో పనిని డైసల్ఫిరామ్ అడ్డుకోవడంతో ఆ విషం ఒంట్లో పేరుకుపోయి, ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, రక్తపోటు పడిపోతుంది. 1940లలో దీన్ని నులిపురుగుల మందుగా పరీక్షిస్తూ, అలవాటు ప్రకారం తామే మింగి చూసుకున్న ఇద్దరు డెన్మార్క్ పరిశోధకులు ఆ తర్వాత ఒక గుక్క మద్యం పుచ్చుకొని జబ్బుపడటం వల్లనే దీనికి ఈ గుణం ఉందన్న సంగతి బయటపడింది. వారు ఆరోగ్యవంతులు, పుచ్చుకున్నదీ కొద్దిపాటి. మీ వారు దాదాపు ఎప్పుడూ మద్యం ఒంట్లో ఉన్న మనిషి. అటువంటి వారికి మోతాదు తెలియకుండా, కాలేయం, గుండె ఏ స్థితిలో ఉన్నాయో చూడకుండా ఈ మాత్ర పెడితే ప్రాణమే పోవచ్చు. చివరిసారి తాగి కనీసం 12 గంటలు గడవనిదే ఇవ్వరాదని, మత్తులో ఉన్నవారికి గానీ, విషయం పూర్తిగా తెలియనివారికి గానీ ఎన్నడూ ఇవ్వరాదని ఆ మందు తయారీదారులు ఇచ్చే సూచనల్లోనే ఉంటుంది. మాత్ర ఆపిన తర్వాత కూడా రెండు వారాల వరకు దాని ప్రభావం ఉండవచ్చు.

ఒకవేళ ప్రాణాపాయం తప్పిందనుకున్నా, వాంతులైతే విరక్తి పుడుతుందన్న లెక్క కుదరదు. కారణం తెలియని మనిషి ఆ వాంతులను తన తాగుడు మీదకు కాక ఆ దుకాణం మీదకు నెట్టి, సరుకు కల్తీదనుకొని, మర్నాడు ఇంకో బ్రాండు అడుగుతాడు. కారణం తెలిసిన రోజున మీ చేతి అన్నం మీదే నమ్మకం పోతుంది. అదే మాత్రను ఆయనే ఒప్పుకొని, పరీక్షలు జరిగాక, డాక్టరు రాసిచ్చిన మోతాదులో, రోజూ ఉదయం మీ ఎదుట వేసుకుంటే అది కొందరికి బాగా పనిచేస్తుంది. కనుక పారేయకండి, ఆ రేకును డాక్టరుకు చూపించేందుకు దాచి ఉంచండి.

ఇక ఆ మూడో రాత్రి సంగతి. మీరు రాసిన నాలుగు వాక్యాలు చదువుతుంటే మానసిక వైద్య పాఠ్యపుస్తకంలోని పేజీ చదివినట్లే అనిపించింది. ముఖ్యంగా ఆ ఖాళీ చేతులతో గోడ మెత్తడం. ఈ స్థితిలో దర్జీ లేని బట్టను కుడతాడు, డ్రైవరు లేని స్టీరింగును తిప్పుతాడు, మేస్త్రీ లేని గోడను మెత్తుతాడు. చేతులకు ఏళ్ల తరబడి అలవాటైన పని స్పృహ తప్పినా ఆగదు. దీన్ని వైద్యులు డెలీరియం ట్రెమెన్స్ అంటారు. మన పెద్దవాళ్లు మనిషి ఇలా తెలివి తప్పి పలవరించే స్థితిని సన్నిపాతం అనేవారు.

ఇది ఎందుకు వస్తుందో ఒక ఉపమానంతో చెబుతాను. ఒక తలుపును అవతలి నుంచి ఎవరో ఏళ్ల తరబడి తోస్తున్నారనుకోండి. తలుపు తెరుచుకోకుండా ఇవతలి మనిషి తన బరువంతా దాని మీద మోపి నిలబడటానికి అలవాటు పడతాడు. అవతలివాడు ఒక్కసారిగా పక్కకు తప్పుకుంటే ఇవతలివాడు బోర్లా పడతాడు. మద్యం మెదడును నిదానింపజేసే పదార్థం. ఆ నిదానానికి ఎదురు నిలిచి మేలుకొని ఉండటానికి మెదడు తనలోని ఉద్రేక శక్తులను ఏళ్ల తరబడి పెంచుకుంటూ, నెమ్మదింపజేసే శక్తులను తగ్గించుకుంటూ పోతుంది. మద్యం ఒక్కసారిగా ఆగినప్పుడు ఆ పెరిగిన ఉద్రేకానికి పగ్గం ఉండదు. చివరి గుక్క పడిన ఆరు నుంచి ఎనిమిది గంటలకు వణుకు, చెమట, గుండెదడ మొదలవుతాయి. మీ వారికి రోజూ పొద్దున కనిపించే వణుకు ఇదే. మూర్ఛలు వచ్చేవారికి ఎక్కువగా మొదటి 48 గంటల్లో వస్తాయి. డెలీరియం సాధారణంగా 48 నుంచి 96 గంటల మధ్య మొదలవుతుంది. మీ వారు మాల వేసుకునే ముందు రోజు రాత్రి చివరిసారి తాగి ఉంటారు. అక్కడి నుంచి లెక్కపెడితే రెండో రోజు మధ్యాహ్నానికి సుమారు 40 గంటలు, మూడో రోజు రాత్రికి 72 గంటలు దాటాయి. రోగం తన సమయానికి తాను వచ్చింది. దీక్షలో ఏ నియమం తప్పిందో వెతకవలసిన పని లేదు.

మరి మొదటి రెండేళ్లూ స్వామి ఊరుకున్నాడు కదా అని మీ ఊరి పెద్దలు అడగవచ్చు. మీరు రాసిన వరుసలోనే దానికి జవాబు ఉంది: మొదట నిద్రలేమి, మరుసటి ఏడాది వణుకు, ఈసారి మూర్ఛ, మతిభ్రమ. ఉన్నట్టుండి మానడం, మళ్లీ మొదలుపెట్టడం, మళ్లీ ఉన్నట్టుండి మానడం ఇలా జరిగినకొద్దీ మెదడు ప్రతిసారీ మునుపటి కంటే తేలికగా రాజుకుంటుందని వైద్యులు గమనించారు. అందువల్ల వచ్చే ఏడాది ఆయన ఇలాగే మాల వేసుకుంటే ఈసారి కంటే తీవ్రంగా వచ్చే అవకాశమే ఎక్కువ.

ఇంకా సందేహించేవారికి రెండు సంఘటనలు గుర్తుచేయండి. 2020 మార్చి చివర లాక్‌డౌన్‌తో మద్యం దుకాణాలన్నీ ఒక్క రోజులో మూతపడినప్పుడు, కొద్ది రోజుల్లోనే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి వణుకుతో, మూర్ఛలతో, మతిభ్రమతో వచ్చేవారి తాకిడి ఒక్కసారిగా పెరిగిపోయింది. వారెవరూ మాల వేసుకొని మానినవారు కారు. అంతకు ముందు 2015లో ప్రభుత్వం కల్తీ కల్లు మీద దాడులు చేసినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కల్లు తాగేవారు ఇలాగే వింతగా ప్రవర్తిస్తూ, మూర్ఛలతో ఆసుపత్రుల్లో చేరారు. అక్కడా దేవుడికి ఎవరూ అపచారం చేయలేదు. మాల తీశాక నెమ్మదించారన్న మాట నిజమే కావచ్చు కానీ, అదే సమయంలో నోట్లో మందు పోశారు, పైగా ఈ స్థితి దాటగలిగినవారిలో చాలామందికి అది కొద్ది రోజుల్లో దానంతటదే సద్దుమణుగుతుంది. దాటలేనివారూ ఉంటారు. చికిత్స అందకపోతే డెలీరియం వచ్చిన నూరు మందిలో పదిహేను మంది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ మంది కూడా చనిపోయే ప్రమాదం ఉంది. సకాలంలో చికిత్స అందితే ఆ సంఖ్య ఐదుకు లోపే. మీ వారు ఆ రాత్రి ఏ చికిత్సా లేకుండా బయటపడ్డారు. మరోసారి అదే అదృష్టం మీద ఆధారపడకూడదు.

గ్లూకోజు గురించి కూడా ఒక మాట. చాలాకాలం తాగినవారు అన్నం సరిగా తినరు, తిన్నదాంట్లోని బి1 విటమిన్, అంటే థయమిన్, ఒంటికి పట్టదు. ఆ విటమిన్ నిండుకున్న మనిషికి థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజు మాత్రమే ఎక్కిస్తే ఉన్న కొద్దిపాటి నిల్వ కూడా ఖర్చైపోయి మెదడు దెబ్బతినవచ్చు. కళ్లు అదోలా కదలడం, నడక తూలడం, మనిషి అయోమయంలో పడటం దానికి గుర్తులు. వెంటనే చూడకపోతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవచ్చు. ఆర్‌ఎంపీ మేలు చేద్దామనే ఎక్కించాడు. ఇకపై ఇటువంటి స్థితిలో సెలైన్ బాటిల్ కాదు, ఆసుపత్రి కావాలని ఆయనకూ చెప్పండి.

ఇప్పుడు చేయవలసింది వినండి, కొంచెం వింతగా తోచినా సరే. డాక్టరును కలిసేదాకా "ఈ రోజు నుంచి ముట్టనని ఒట్టు పెట్టు" అని ఆయనను ఒత్తిడి చేయవద్దు. ఇంత తాగే మనిషికి, పైగా ఒకసారి మూర్ఛ, మతిభ్రమ వచ్చిన మనిషికి, ఇంట్లోనే ఉన్నట్టుండి మానడం ప్రమాదకరం. ఆయన మానవలసింది ఆసుపత్రి మంచం మీద. జిల్లా ఆసుపత్రిలో గానీ, ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో గానీ మానసిక వైద్య విభాగానికి తీసుకువెళ్లండి. అక్కడ కుదరకపోతే ఎర్రగడ్డ ఉండనే ఉంది. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే మత్తు విముక్తికి జాతీయ సహాయవాణి 14446, మానసిక ఆరోగ్యానికి టెలీ మానస్ 14416 ఉన్నాయి, తెలుగులోనే మాట్లాడవచ్చు. వైద్యులు క్లోర్‌డయాజెపాక్సైడ్, డయాజెపామ్, కాలేయం బాగా దెబ్బతిని ఉంటే లోరాజెపామ్ వంటి మందులతో మెదడు ఉద్రేకాన్ని అదుపులో పెట్టి, వారం పది రోజుల్లో ఆ మోతాదును మెల్లమెల్లగా తగ్గిస్తారు, థయమిన్ ఇంజక్షన్లు ఇస్తారు. పేర్లు తెలిశాయి కదా అని ఈ మాత్రలను మందుల దుకాణంలో కొని మీరే వేయకండి. మద్యం మీద పడితే ఇవి ఊపిరినే ఆపగలవు.

ఆయన కల్లు దుకాణానికి కూడా వెళ్తారని రాశారు. ఈ విషయం డాక్టరుకు తప్పనిసరిగా చెప్పాలి. చెట్టు నుంచి దించిన కల్లు వేరు, తెలంగాణలో అనేకచోట్ల సీసాల్లో అమ్ముతున్నది వేరు. డిమాండుకు సరిపడా చెట్లు లేక, నీళ్లలో అల్ప్రాజోలం, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలిపి అమ్ముతున్నట్లు ఎక్సైజ్ దాడుల్లో పదేపదే బయటపడింది. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. "కల్లే కదా" అనుకునే మనిషి తనకు తెలియకుండానే నిద్రమాత్రలకు బానిస అయి ఉండవచ్చు. అప్పుడు మద్యం మానినప్పటి బాధకు అల్ప్రాజోలం మానినప్పటి బాధ తోడై, అది మరింత ఎక్కువ రోజులు సాగుతుంది. చికిత్స మోతాదులు కూడా దాన్నిబట్టి మారతాయి. మేస్త్రీలు నడుము నొప్పికి ట్రమడాల్ వంటి మాత్రలు వాడటం కూడా మామూలే. అదీ దాచవద్దు, ఎందుకంటే తర్వాత కోరికను తగ్గించేందుకు ఇచ్చే నాల్ట్రెక్సోన్ అనే మందు దానితో పొసగదు.

ఈ మధ్యలో ఆయనంతట ఆయనే మానేసి మూర్ఛ వచ్చినా, లేనివి కనిపించినా, మనుషులను గుర్తుపట్టకపోయినా 108కు ఫోన్ చేయండి. మూర్ఛ సమయంలో చేతిలో తాళాల గుత్తి పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం వద్దు. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, తలకు దెబ్బ తగలకుండా చూస్తే చాలు.

ఆసుపత్రికి రమ్మంటే వస్తారా అన్నది మీ అసలు భయమని అనుకుంటున్నాను, మీరు రాయలేదు గానీ. నాకు మీ ఉత్తరంలో అన్నిటికంటే ఆశ కలిగించిన సంగతి ఆయన మూడేళ్లుగా మాల వేసుకోవడమే. ఎవరూ బలవంతం చేయకుండా ఏటా మాల వేసుకొని, చన్నీటి స్నానం, ఒంటిపూట భిక్ష, నేల మీద పడక అనే నియమాలకు తలవంచిన మనిషిని మానాలన్న సంకల్పం లేనివాడని ఎలా అనగలం? ఆయన తనకు తెలిసిన ఒకే ఒక్క దారిలో మానడానికి మూడుసార్లు ప్రయత్నించారు. పైగా ఆ దీక్షలో వైద్యులు పెద్ద ప్రయత్నం మీద సమకూర్చేవన్నీ ఉన్నాయి: రోజంతా ఒక క్రమం, తనలాగే నియమంలో ఉన్న పదిమంది తోడు, "స్వామీ" అని పిలిచి గౌరవించే ఊరు, తాగుదాం రమ్మని అడగని స్నేహితులు. లేనిది మొదటి వారం వైద్యం ఒక్కటే, ఆపైన మాల తీసిన మర్నాటికి ఒక ఏర్పాటు. కాబట్టి పొద్దున ఆయన వణుకు తగ్గి, ఇంకా మత్తు ఎక్కని గంటలో కూర్చోబెట్టి, "తాగుబోతు" అన్న మాట రానివ్వకుండా, "మీరు మానగలరని మూడేళ్లుగా చూస్తున్నాను, ఆ మూడో రాత్రి మళ్లీ రాకుండా మానే దారి ఆసుపత్రిలో ఉందట" అని చెప్పండి. చాలామంది తాగుబోతుల మొండితనంగా మనం చూసేది నిజానికి ఆ మూడు రోజుల భయం. ఆ భయానికి మందు ఉందని తెలిస్తే మెత్తబడేవారు ఎక్కువ. గురుస్వామి మాటకు మీ వారు విలువ ఇస్తే ముందుగా గురుస్వామికే సంగతి వివరించి వెంట తీసుకువెళ్లండి.

మీ మరిది చెప్పిన వ్యాను కేంద్రం వద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుపదార్థాల వల్ల వచ్చే స్థితులను కూడా మానసిక అనారోగ్యాల్లోనే చేర్చింది. ఆ చట్టం ప్రకారం రోగులను గొలుసులతో కట్టడం నిషిద్ధం, ఇటువంటి సంస్థలు నమోదై ఉండాలి, రోగి నిర్ణయం తీసుకోలేని స్థితిలో ఉన్నప్పుడు చేర్చుకునేందుకు కూడా ఒక పద్ధతి, కాలపరిమితి ఉన్నాయి. వ్యానులో ఎత్తుకుపోయేవారి దగ్గర డాక్టరు ఉంటాడన్న నమ్మకం లేదు. మీ వారి వంటి రోగిని మందులు లేకుండా ఒక గదిలో తాళం వేసి ఉంచితే మూడో రాత్రి అక్కడ ఏమవుతుందో మీకు ఇప్పుడు తెలుసు. ఏ కేంద్రమైనా సరే, నమోదు పత్రం చూపించమని, రోజూ వచ్చే మానసిక వైద్యుడెవరని, వారానికి ఎన్నిసార్లు కలవనిస్తారని అడగండి. జవాబుకు తడబడితే వెనక్కి వచ్చేయండి.

అత్తగారి మాటకు నేను ఎక్కువ చోటు ఇవ్వదలచుకోలేదు. తాగుడు రోగంగా మారడంలో సగం దాకా వంశపారంపర్యం పాత్ర ఉంటుందని పరిశోధనలు చెబుతున్నాయి. మిగిలినది చిన్న వయసులో మొదలుపెట్టడం, చుట్టూ సులువుగా దొరకడం, ఒళ్లు హూనమయ్యే పని వంటివి. కోడలి గుణగణాలు ఆ జాబితాలో ఎక్కడా లేవు. ఇదొక్క మీ ఇంటి అవమానమూ కాదు. కేంద్ర ప్రభుత్వం కోసం ఢిల్లీ ఎయిమ్స్ నిపుణులు జరిపి 2019లో వెలువరించిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో సుమారు 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారు, అందులో 5.7 కోట్ల మందికి సహాయం అవసరమైనంతగా అది సమస్య అయింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 ఏళ్లు దాటిన మగవారిలో నూటికి 43 మంది తాగుతున్నామని చెప్పారు, ఆంధ్రప్రదేశ్‌లో 23 మంది. ఎయిమ్స్ సర్వేలో నన్ను ఎక్కువగా బాధించిన అంకె మరొకటి. మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక రకమైన చికిత్స అందింది. మిగిలిన 37 మంది ఇళ్లలో ఏం జరుగుతున్నదో మీ ఉత్తరం చదివాక ఊహించడం కష్టం కాదు: ఒట్లు, తాయెత్తులు, పులుసులో పొడులు.

ఆసుపత్రి నుంచి వచ్చాక అసలు పని మొదలవుతుంది. వారం పది రోజుల చికిత్స ఒంట్లోని మద్యాన్ని బయటికి పంపుతుందే తప్ప కోరికను పంపదు. దానికి నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వంటి మందులు నెలల తరబడి వాడవలసి రావచ్చు. కాలేయం, మూత్రపిండాల స్థితిని బట్టి డాక్టరు ఎంచుతారు. తాగిన సాయంత్రాలు ఎక్కువగా ఏవో మీకు నాకంటే బాగా తెలుసు. వారం కూలీ చేతికొచ్చే సాయంత్రం ఒకటి, స్లాబు పడిన రోజు ఇంటి యజమాని ఇచ్చే దావత్ మరొకటి. కూలీ డబ్బు కొన్నాళ్లు మీ చేతికో, బ్యాంకు ఖాతాకో వచ్చేలా ఆయన ఒప్పుకుంటే మంచిది. స్లాబు రోజున పని ముగిసీ ముగియగానే బాబును పంపి ఇంటికి పిలిపించుకోవచ్చు, అందులో చిన్నతనం ఏమీ లేదు. బెల్టు షాపు మీ వీధిలోనే ఉంటే నడిచే దారి మార్చుకోవడం కూడా చికిత్సలో భాగమే.

"మందు మానేశాను, బీరు మాత్రమే" అన్న రాజీ ఒకటి తప్పకుండా వస్తుంది, సిద్ధంగా ఉండండి. 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో సుమారు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. ఒక పూటలో అంత తాగడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ అతిగా తాగడం కిందే లెక్కిస్తుంది. స్ట్రాంగ్ బీరు పెద్ద సీసాలో 40 గ్రాముల దాకా ఉంటుంది. రెండు సీసాలైతే క్వార్టర్ దాటిపోయినట్లే. మెదడు గ్రాములనే లెక్కపెడుతుంది, సీసా మీద పేరును కాదు. మధ్యలో ఒకటి రెండుసార్లు జారినా చికిత్స విఫలమైందని మందులు ఆపేయకండి, వెంటనే మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లండి. చక్కెర రోగి పండుగనాడు లడ్డు తిన్నాడని ఇన్సులిన్ మానేయం కదా. నగరాల్లో, కొన్ని పట్టణాల్లో ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలు ఉచితంగా జరుగుతాయి. అక్కడ మాట్లాడేది డాక్టర్లు కాదు, తాగి మానినవారే. మీ వారి వంటి మేస్త్రీ ఎవరైనా అక్కడ కనిపిస్తే నా ఈ ఉత్తరం కంటే ఎక్కువ పని జరుగుతుంది.

బాబు విషయంలో గట్టిగా, కానీ క్లుప్తంగా ఉండండి. "నువ్వూ మీ నాన్నలాగే తయారవుతున్నావు" అన్న వాక్యం నోటి దాకా వచ్చినా మింగేయండి. తండ్రికి ఈ రోగం ఉన్న పిల్లలకు అది వచ్చే ప్రమాదం ఇతరుల కంటే కొన్ని రెట్లు ఎక్కువ. ఈ మాటను శాపంలా కాక, చక్కెర రోగం వంశంలో ఉందని చెప్పినట్లే చెప్పండి. తెలంగాణలో 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మడం నేరం. అతనికి ఎక్కడ దొరికిందో, ఎవరితో తాగాడో అడిగి తెలుసుకోండి. గంజాయి సంగతి కూడా అదే సందర్భంలో నేరుగా అడగండి, ఈ వయసులో రెండూ ఒకే స్నేహబృందంలో తిరుగుతుంటాయి. ఒక్క రోజు వాసనను బట్టి ఇప్పుడే వైద్యం దాకా వెళ్లనవసరం లేదు. చదువు కుంటుపడటం, డబ్బు మాయం కావడం, రాత్రులు ఆలస్యంగా రావడం కనిపిస్తే టెలీ మానస్‌కు ఫోన్ చేయండి.

తాగినప్పుడు ఆయన మిమ్మల్ని కొడతారా లేదా అన్నది మీరు రాయలేదు. కొడితే మాత్రం ఆయనకు రోగమన్న కారణంతో సహించవద్దు. రోగానికి చికిత్స ఉన్నట్లే దెబ్బలకు చట్టం ఉంది, 181 మహిళా సహాయవాణి పగలూ రాత్రీ పనిచేస్తుంది.

మళ్లీ మాల వేసుకుంటానని ఆయన అంటే అడ్డు చెప్పకండి. దీక్షకు కనీసం నెల రోజుల ముందే ఆసుపత్రి చికిత్స ముగించుకొని, డాక్టరుకు దీక్ష సంగతి చెప్పి, మందులు ఏ వేళ వేసుకోవాలో అడిగి, గురుస్వామికి కూడా తెలియజేసి వేసుకోమనండి. మాత్రలు వేసుకుంటే దీక్షకు భంగం లేదని గురుస్వామి నోటనే చెప్పిస్తే ఆయనకు నమ్మకం కుదురుతుంది. శబరిమల నుంచి తిరిగొచ్చి మాల తీసే రోజుకు మళ్లీ డాక్టరును కలిసే తేదీ ముందే తీసుకోండి. ఆయన మళ్లీ జారే ప్రమాదం ఎక్కువగా ఉండేది ఆ రోజే కనుక ఆ సాయంత్రం స్నేహితుల మధ్య కాక మీ మధ్య గడిచేలా చూడండి. చాలాకాలం మానిన ఒళ్లు పాత మోతాదును తట్టుకోలేదన్న సంగతి కూడా ఆయనకు ముందే తెలిసి ఉండాలి.

ఆసుపత్రికి బయలుదేరే ముందు ఒక కాగితం మీద ఇవి రాసుకోండి: రోజుకు ఎంత తాగుతారు, చివరిసారి ఏ రోజు ఎన్ని గంటలకు తాగారు, కల్లు ఏ దుకాణంలో, వారానికి ఎన్నిసార్లు, మూర్ఛ వచ్చిన రోజు, ఆ మూడో రాత్రి ఆయన చేసిన పనులు మీకు గుర్తున్నంతవరకు, వాడుతున్న మాత్రలన్నీ. ఆ కాగితంతో పాటు డైసల్ఫిరామ్ రేకును కూడా డాక్టరు చేతిలో పెట్టండి. ఓపీ చీటీ కోసం వరుసలో నిలబడి ఉండగా వణుకు ఎక్కువైనా, ఆయన మాట తడబడినా, వరుసలోనే ఆగిపోకుండా నేరుగా అత్యవసర విభాగానికి తీసుకువెళ్లి, గతంలో మద్యం ఆపినప్పుడు మూర్ఛ వచ్చిందన్న సంగతి అన్నిటికంటే ముందు చెప్పండి.